రాహేలు ఏడుపు కూడా క్రిస్మస్ కథలోదే

ప్రశ్న:

అక్కా, నేను చిన్నప్పటి నుంచి చర్చిలోనే పెరిగాను. ఆరేళ్లుగా సండే స్కూల్ పిల్లలతో క్రిస్మస్ నాటిక నేనే వేయిస్తున్నాను. ఈ ఏడాది జూన్‌లో నాకు బాబు పుట్టాడు. రెండు రోజులు బతికాడు. పేరు ముందే అనుకున్నాం. ఇప్పుడు ఆ పేరు ఇంట్లో ఎవరూ ఎత్తరు. మా వారు పనిలో పడిపోయారు, బాబు మాట వస్తే లేచి వెళ్లిపోతారు. చుట్టూ ఉన్నవాళ్లు "దేవుని చిత్తం" అన్నారు, "ఇంకొకరు పుడతారులే" అన్నారు, "మీ ఇద్దరిలో ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో చూసుకోండి" అని కూడా అన్నారు. ఇప్పుడు నాటిక మళ్లీ నన్నే వేయించమంటున్నారు, మనసు మళ్లుతుందట. ఈసారి బాలయేసుగా బొమ్మను కాకుండా నా స్నేహితురాలి మూడు నెలల బాబును తొట్టిలో పడుకోబెడతారట. నేను ఆ తొట్టి వైపు చూడలేను అక్కా. "మీ హృదయంలో యేసుకు చోటివ్వండి" అని పాస్టర్ గారు ప్రసంగిస్తుంటే, నా గుండెలో ఎవరికీ చోటు లేదనిపించింది. ఇమ్మానుయేలు అంటే దేవుడు మనకు తోడు అని పిల్లలకు నేర్పింది నేనే. ఆ రెండు రోజులూ ఆయన ఎక్కడున్నాడు? క్రిస్మస్‌కి సంతోషించలేకపోవడం అవిశ్వాసమా? నా పేరు, బాబు పేరు వేయొద్దు.

సమాధానం:

చెల్లీ,

అక్కా అని పిలిచావు కాబట్టి చనువుగా నువ్వు అనే రాస్తున్నాను.

ముందు ఒక మాట చెప్పేస్తాను. ఈ ఏడాది నాటిక నువ్వు వేయించొద్దు. ఒంట్లో బాగాలేదనో, ఊరెళ్తున్నాననో సాకులు వెతుక్కోవద్దు. "ఈసారి నా వల్ల కాదు" అంటే చాలు. ఆరేళ్లు చేసినదానివి, ఒక ఏడాది ఆగితే ఎవరూ కాదనకూడదు. రిహార్సల్స్ జరిగినన్ని రోజులూ ఆ తొట్టి పక్కన నిలబడి, ఆ పసివాడు ఏడ్చినప్పుడల్లా లోపల కోసేస్తుంటే పైకి నవ్వుతూ ఉండటాన్ని దేవుడు నిన్ను అడగలేదు. మనసు మళ్లుతుందని అన్నవాళ్లు మంచి కోరే అని ఉంటారు. కానీ ఏ మందు ఏ గాయానికో చూసుకోవాలి కదా. పాస్టర్ గారికి ఎదురుగా చెప్పడం కష్టమైతే నాలుగు లైన్లు రాసి పంపు. పండుగ ఆరాధనకు వెళ్లాలనిపిస్తే వెళ్లి చివరి వరసలో, తలుపు దగ్గర కూర్చో. మధ్యలో లేచి రావాలనిపిస్తే లేచి వచ్చేయ్. అసలు వెళ్లలేకపోతే ఇంట్లోనే ఉండు.

ఇక నువ్వు విన్న మాటల సంగతి. "దేవుని చిత్తం" అనే మాట నేనూ ఒకసారి అన్నాను. చాలా ఏళ్ల క్రితం నా స్నేహితురాలి పాప పోయినప్పుడు. ఆమె నా చేతిలోంచి తన చెయ్యి మెల్లగా తీసేసుకుని గోడ వైపు తిరిగిపోయింది. ఆ గదిలో ఉన్న నిశ్శబ్దం నేను తట్టుకోలేక ఆ మాట అన్నానని తర్వాత అర్థమైంది. ఆమెకు దాని అవసరం లేదు. ఇప్పటికీ ఆ చెయ్యి గుర్తొస్తుంది నాకు. పిల్లలందరినీ పోగొట్టుకున్న యోబును చూడటానికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో పాటు నేల మీద ఊరకే కూర్చున్నారు. అంతవరకు వాళ్లు మంచి స్నేహితులే. నోరు తెరిచాకే చెడింది. ఎందుకిలా జరిగిందో దేవుని తరఫున వివరించబోయారు. చివరికి దేవుడు వాళ్లతో ఏమన్నాడో చూడు: "మీరు నన్ను గూర్చి యుక్తమైనది పలుకలేదు." అరిచి, ఏడ్చి, దేవుణ్ణే నిలదీసిన యోబును మాత్రం ఆ మాట అనలేదు.

పాపం గురించి అన్న మాటను మాత్రం మనసులో ఒక్క రోజు కూడా ఉంచుకోవద్దు. పుట్టుగుడ్డి వాడిని చూసి శిష్యులు ఇదే ప్రశ్న అడిగారు, పాపం వీడిదా, వీడి అమ్మానాన్నలదా అని. "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అని యేసు జవాబు. దావీదుకు, బత్షెబకు పుట్టిన మొదటి బిడ్డ చనిపోయిన కథను ఎవరైనా ఎత్తి చూపిస్తారేమో. అక్కడ అది దావీదు రాజు పాపం వల్లేనని నాతాను ప్రవక్త వచ్చి ముఖాన చెప్పాడు. నీ ఇంటికి నాతాను రాలేదు. ఎవరికి వారు నాతాను వేషం వేసుకోవడానికి వీల్లేదు. ఆ కథలో నువ్వు దాచుకోవలసిన వాక్యం వేరే ఉంది. బిడ్డ పోయాక దావీదు అన్నాడు: "నేను వానియొద్దకు పోవుదును గాని వాడు నాయొద్దకు మరల రాడు." ఆ మాటలో రెండు సగాలూ నిజమే. వాడు రాడన్నది నువ్వు ఇప్పుడు ప్రతి ఉదయం మోస్తున్న సగం. నేను వాడి దగ్గరికి వెళ్తానన్నది మిగతా సగం. చిన్నపిల్లల్ని దగ్గరికి రానివ్వండి, పరలోక రాజ్యం ఇలాంటివాళ్లదే అని చెప్పిన ప్రభువు చేతుల్లోనే నీ బాబు ఉన్నాడని నేను నమ్ముతున్నాను.

"ఇంకొకరు పుడతారులే" అన్నదానికి ఒక్కటే చెప్తాను. పుడితే ఆ బిడ్డ ఆ బిడ్డే. వీడు వీడే.

సంతోషించలేకపోవడం అవిశ్వాసమా అని అడిగావు. కాదు. అసలు డిసెంబర్ 25 అనే తేదీ బైబిల్లో ఎక్కడా లేదు. ఆ రోజును క్రీస్తు జననంతో కలిపి చెప్పే తొలి స్పష్టమైన ఆధారం రోమ్‌లో క్రీ.శ. 354లో తయారైన ఒక క్యాలెండర్ పుస్తకం. దానిలోని జాబితా 336 నాటిదని పండితులు చెబుతారు. పేతురు, పౌలు క్రిస్మస్ పండుగ చేసుకున్నట్టు ఎక్కడా రాసి లేదు. దానివల్ల వాళ్ల విశ్వాసానికి ఏ లోటూ రాలేదు. పండుగ మంచిదే, నాకూ ఇష్టమే. కానీ అది మన విశ్వాసానికి పెట్టే పరీక్ష కాదు.

దేవదూత గొర్రెల కాపరులతో "మహా సంతోషకరమైన సువర్తమానము" అన్నాడు. సువర్తమానం అంటే వార్త. సంతోషించి తీరాలని ఎవరూ వాళ్లకు ఆజ్ఞ ఇవ్వలేదు. ఆ రాత్రి మరియ నవ్విందని కూడా లూకా రాయలేదు. విన్నవాళ్లంతా ఆశ్చర్యపడ్డారట. మరియ మాత్రం "ఆ మాటలన్నియు తన హృదయములో తలపోసికొనుచు భద్రము చేసికొనెను." నలభై రోజులకు బిడ్డను దేవాలయానికి తీసుకెళ్తే, ముసలి సుమెయోను ఆశీర్వదిస్తూనే ఆ తల్లితో ఒక మాట అన్నాడు, నీ హృదయంలోకి ఒక ఖడ్గం దూసుకుపోతుందని. పసివాడు ఒడిలో ఉండగానే వినాల్సి వచ్చింది ఆ మాట. మన నాటికలు జ్ఞానులు కానుకలు ఇవ్వడంతో ముగుస్తాయి. నువ్వు వేయించిన ఆరు నాటికలూ అంతేననుకుంటాను. సుమెయోను ఖడ్గం మాట ఏ పిల్లవాడి డైలాగ్‌లోనూ ఉండదు.

ఇప్పుడు మత్తయి సువార్త రెండో అధ్యాయం తియ్యి. జ్ఞానులు వెళ్లిపోయాక ఏం జరిగిందో చూడు. హేరోదు రాజు సైనికులను పంపి బేత్లెహేములో, చుట్టుపక్కల రెండేళ్లు, అంతకు తక్కువ వయసున్న మగపిల్లలందరినీ చంపించాడు. ఆ వెంటనే మత్తయి పాత ప్రవచనం ఒకటి తెచ్చి పెట్టాడు: "రాహేలు తన పిల్లలవిషయమై యేడ్చుచు వారు లేనందున ఓదార్పు పొందనొల్లక యుండెను."

క్రిస్మస్ కథ మధ్యలో ఈ వాక్యం ఉంది చెల్లీ. ఎవరో తర్వాత చేర్చింది కాదు. ఓదార్పు వద్దన్న తల్లిని మత్తయి కథలోంచి బయటికి పంపలేదు. ఏడుపు ఆపు, రక్షకుడు పుట్టాడు కదా అనలేదు. అలాగే ఏడుస్తూ ఉండనిచ్చాడు.

అసలు రాహేలు ఎందుకు వచ్చింది ఇక్కడికి? బైబిల్లో బేత్లెహేము పేరు మొదటిసారి కనిపించేది ఒక సమాధి దగ్గర. ఆదికాండం 35లో యాకోబు భార్య రాహేలు ఎఫ్రాతా దారిలో ప్రసవ వేదన పడుతుంది. మంత్రసాని ఆమెతో "భయపడకుము" అంటుంది, ఇదీ కొడుకే అని చెబుతుంది. ప్రాణం పోతుండగా రాహేలు ఆ బిడ్డకు బెనోని అని పేరు పెట్టింది, నా దుఃఖపు కొడుకు అని. "ఎఫ్రాతా, అనగా బేత్లెహేము" దారిలో ఆమెను పాతిపెట్టారు. దావీదు పుట్టక ముందు, క్రీస్తు అక్కడ పుడతాడని మీకా ప్రవచించక ముందు, నక్షత్రం కనిపించక ముందు ఆ ఊరు కాన్పులో పోయిన ఒక తల్లి పేరు మోస్తోంది. ఎన్నో వందల ఏళ్ల తర్వాత అదే ప్రాంతంలో, రాత్రివేళ పొలంలో, ఒక దూత మళ్లీ అదే మాట అన్నాడు: భయపడకుడి. మంత్రసాని మాట రాహేలును బతికించలేకపోయింది. దేవుడు మాత్రం సరిగ్గా ఆ ఊరినే ఎంచుకున్నాడు.

తర్వాత నయోమి. కరువు వస్తే భర్తతో, ఇద్దరు కొడుకులతో బేత్లెహేము విడిచి మోయాబుకు వెళ్లింది. ముగ్గురినీ అక్కడే పోగొట్టుకుని తిరిగొచ్చింది. ఊళ్లో ఆడవాళ్లు నయోమి అని పిలిస్తే, నన్ను అలా పిలవొద్దు, మారా అనండి అంది. మారా అంటే చేదు. "సర్వశక్తుడు నాకు చాలా దుఃఖము కలుగజేసెను" అని బాహాటంగా అంది. రూతు గ్రంథంలోని ఆ నాలుగు అధ్యాయాల్లో ఒక్కరు కూడా ఆమెకు నీ విశ్వాసం తగ్గిందని బుద్ధి చెప్పలేదు. చివరికి కోడలు రూతుకు పుట్టిన ఓబేదును ఆమె ఒడిలో పెట్టారు. ఆ ఓబేదు మనవడే దావీదు. అయినా పోయిన కొడుకులు మహ్లోను, కిల్యోను తిరిగి రాలేదు. కథ ఆ సంగతి దాచలేదు కూడా.

రాహేలు ఏడుపు గురించి మత్తయి తీసుకున్న వాక్యం యిర్మీయా 31వ అధ్యాయంలోది. యెరూషలేము కూలిపోయాక, క్రీ.పూ. 586 ప్రాంతంలో, బబులోనుకు తీసుకెళ్లే బందీలను రామా దగ్గర చేర్చారు. రాహేలు సమాధిలోంచి లేచి ఆ పిల్లల కోసం ఏడుస్తున్నట్టు యిర్మీయా ఊహించాడు. ఆ వాక్యం తర్వాత దేవుడే రాహేలుతో మాట్లాడతాడు, నీ పిల్లలు తిరిగి వస్తారు, రాబోయే కాలంలో మేలు కలుగుతుందనే నమ్మకం నీకుంది అని. మత్తయి ఆ మాటల దాకా వెళ్లలేదు, ఏడుపు దగ్గరే ఆపేశాడు. ఎందుకో నాకు తోచింది చెప్తాను. ఆ తర్వాతి వాక్యం నిజమే, అయితే ఆ తల్లులు దాన్ని వినగలిగే రోజు ఇంకా రాలేదు. నీకూ ఇంకా రాకపోవచ్చు. ఆ పేజీ అక్కడే ఉంది, ఎక్కడికీ పోదు.

ఇంత రాశాక నువ్వు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. యోసేపుకు కలలో హెచ్చరిక వచ్చింది, మిగతా తల్లులకు ఎందుకు రాలేదు? నా దగ్గర జవాబు లేదు చెల్లీ. జవాబు ఉన్నట్టు మాట్లాడేవాళ్లకు కాస్త దూరంగా ఉండు. నాకు తెలిసిందల్లా ఒక్కటి. ఆ రాత్రి ఐగుప్తుకు తప్పించుకున్న బిడ్డ చావును శాశ్వతంగా తప్పించుకోలేదు. సుమారు ముప్పై మూడేళ్లకు, బేత్లెహేముకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే, యెరూషలేము గోడల బయట, తల్లి చూస్తుండగా చనిపోయాడు. అప్పుడు ఆయన నోట వచ్చింది కూడా ప్రశ్నే, నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచావు అని. బేత్లెహేము తల్లుల ప్రశ్న, నీ ప్రశ్న చివరికి ఆయన నోటికే వచ్చాయి. అలా అడిగినవాడిని తండ్రి మూడో రోజున లేపాడు. నాకున్న నిరీక్షణ అంతా అక్కడి నుంచే వస్తుంది.

ఆ రెండు రోజులూ ఆయన ఎక్కడున్నాడని అడిగావు. లాజరు చనిపోయినప్పుడు అతని తోబుట్టువులు మార్త అన్నది, మరియ (యేసు తల్లి కాదు, ఈమె వేరు) అన్నది ఒకే మాట: నువ్వు ఇక్కడ ఉంటే మా సోదరుడు చనిపోయేవాడు కాదు. అందులో నిష్ఠూరం ఉంది. ఉండాల్సిందే, కబురు అందాక కూడా యేసు ఉన్నచోటే రెండు రోజులు ఆగిపోయాడు కదా. ఆయన వాళ్లను మందలించలేదు. కాసేపట్లో లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ఆ సమాధికి వెళ్లే దారిలో ఏడ్చాడు. ఏడవాల్సిన అవసరమే లేనివాడు ఏడ్చాడు. నీ నిష్ఠూరాన్ని కూడా ఆయనకే చెప్పు. మార్త చెప్పినట్టే, మొహం మీద చెప్పు.

ఇమ్మానుయేలు అనే పేరు గురించి ఒక విషయం. ఆ పేరు మొదట వినిపించింది పండుగ వాతావరణంలో కాదు. క్రీ.పూ. 735 ప్రాంతంలో రెండు దేశాల సైన్యాలు కలిసి యూదా మీదికి వస్తుంటే, ఆహాజు రాజు, అతని జనం గాలికి అడవి చెట్లు ఊగినట్టు వణికిపోయారని యెషయా రాశాడు. అలాంటి రోజుల్లో, సూచన అడగడానికి కూడా ఇష్టపడని రాజుకు ఆ పేరు చెప్పారు. అది మొదటి నుంచీ భయపడ్డవాళ్ల కోసం పెట్టిన పేరు. నమ్మకం నిండిన గుండెలకిచ్చే బహుమతిగా రాలేదు. మత్తయి తన సువార్త మొదటి అధ్యాయంలోనే ఆ పేరు చెప్పి, "దేవుడు మనకు తోడని అర్థము" అని విడమరిచాడు. చిట్టచివరి వాక్యంలో యేసు నోట మళ్లీ అదే పలికించాడు: "ఇదిగో నేను యుగసమాప్తి వరకు సదాకాలము మీతో కూడ ఉన్నాను." పుస్తకమంతా ఈ రెండు మాటల మధ్యే ఉంది. పసిపిల్లల హత్య, సిలువ కూడా ఈ రెండు మాటల మధ్యే ఉన్నాయి. తోడు అంటే ఆపద రానివ్వకపోవడం అని మనం అనుకుంటాం. మత్తయి చెప్పే తోడు అది మాత్రమే కాదు. కీర్తనకారుడు గాఢాంధకారపు లోయలో "నీవు నాకు తోడై యుందువు" అన్నాడు. లోయ లేదని అనలేదు.

గుండెలో చోటు లేదని రాశావు. చదివి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. లూకా ఏం రాశాడో చూడు. "సత్రములో వారికి స్థలము లేనందున ఆయనను పశువుల తొట్టిలో పండుకొనబెట్టెను." అక్కడ సత్రం అని మనకున్న గ్రీకు మాటనే లూకా మరోచోట పస్కా భోజనం చేసిన విడిది గదికి వాడాడు. మంచి సమరయుడు దెబ్బలు తిన్నవాడిని తీసుకెళ్లిన పూటకూళ్ల ఇంటికి వేరే మాట ఉంది. అందుకే అది డబ్బులిచ్చి దిగే సత్రం కాదని, జనంతో కిక్కిరిసిన ఒక ఇంట్లో విడిది గది అని చాలామంది పండితులు అంటారు. ఏదైతేనేం, చోటు లేదు. చోటు దొరికేదాకా ఆయన పుట్టడం ఆగలేదు. చోటు లేనిచోటే పుట్టాడు, దొరికిన తొట్టిలోనే పడుకోబెట్టారు. పాస్టర్ గారి ప్రసంగంలో తప్పేమీ లేదు, చాలామందికి అది కావలసిన మాటే. నీకు మాత్రం ఈ ఏడాది దాన్ని తిరగేసి చెబుతున్నాను. నువ్వు చోటు సర్దనక్కర్లేదు. ఆ పని ఆయనకు తెలుసు.

ఇంకొకటి రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. ఇప్పుడు చదవలేకపోతే ఈ పేరా వదిలేయ్, తర్వాత ఎప్పుడైనా చదువు. దేవుని కుమారుడు ముప్పై ఏళ్ల బోధకుడిగా ఆకాశం నుంచి దిగిరాలేదు. తొమ్మిది నెలలు ఒక తల్లి కడుపులో ఉన్నాడు. తల నిలపలేని పసిగుడ్డుగా పుట్టాడు. పొత్తిగుడ్డల్లో చుట్టించుకున్నాడు. ఒక రోజు వయసు, రెండు రోజుల వయసు ఆయనకూ ఉన్నాయి. రెండో శతాబ్దంలో ఐరేనియస్ అనే బిషప్, క్రీస్తు ప్రతి వయసు గుండా నడిచి ప్రతి వయసునూ పరిశుద్ధం చేశాడని, పసిపిల్లల కోసం పసిపిల్లవాడయ్యాడని బోధించాడు. నీ బాబు బతికింది రెండు రోజులే. ఆ రెండు రోజుల వయసులో దేవుడు అడుగుపెట్టని చోటు లేదు. వాడిది సగం జీవితమనో, లెక్కలోకి రాని జీవితమనో ఎవరన్నా అంటే నమ్మకు.

మీ వారి గురించి. సువార్తల్లో యోసేపు పలికిన మాట ఒక్కటి కూడా లేదు. గమనించావా? అతను చేసిన పనులే ఉన్నాయి. రాత్రికి రాత్రి లేచాడు, బిడ్డను, తల్లిని వెంటబెట్టుకుని వెళ్లాడు. కొందరి దుఃఖం నోటి నుంచి రాదు, చేతుల్లోకి పోతుంది. మీ వారు పనిలో పడిపోవడం మరచిపోవడం అని అనుకోవద్దు. లేచి వెళ్లిపోయేది నీ మాట వినలేక కాకపోవచ్చు, నీ ముందు ఏడవడానికి భయపడి కావచ్చు. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడించాలని చూడకు. ఇద్దరూ కలిసి నడుస్తున్నప్పుడో, దీపం ఆర్పేశాకో, బాబు పేరు ఒక్కసారి పలుకు. మరేమీ అడగకు. జవాబు ఆ రోజు రాకపోయినా ఫర్వాలేదు. ఇంట్లో ఆ పేరు మళ్లీ పలకబడాలి, అదే ముఖ్యం.

ప్రార్థన రాకపోతే 88వ కీర్తన చదువు. కీర్తనల్లో అంత చీకటి కీర్తన ఇంకోటి లేదు. చివరికి వెలుగులోకి వచ్చే మలుపు కూడా లేదు, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగిసిపోతుంది. దాన్ని ప్రార్థన పుస్తకంలో ఉంచినవాళ్లకు దుఃఖం తెలుసు. రోజుకు రెండు వాక్యాలు చాలు. అవీ చదవలేని రోజున, "ప్రభువా, ఈ రోజు నా వల్ల కావట్లేదు" అను. అది కూడా ప్రార్థనే.

ఇది మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. నిద్ర అసలు పట్టకపోయినా, తిండి సహించకపోయినా, బతకడం ఎందుకనే ఆలోచన ఒక్కసారి వచ్చినా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లు. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ బిడ్డను పోగొట్టుకున్న తల్లులకూ వస్తుంది. అది వైద్యం ఉన్న జబ్బు. ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద కూర్చుని చచ్చిపోతే బాగుండునని అడిగినప్పుడు దేవుడు అతనికి ప్రసంగం చేయలేదు. ముందు నిద్రపోనిచ్చాడు. దూతతో రొట్టె, నీళ్లు పంపాడు. మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ పెట్టించాడు. "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది, నీవు లేచి భోజనము చేయుము" అని ఆ దూత అన్నాడు. దేవుడు తోడుగా ఉండటం అంటే కొన్నిసార్లు అదే, ఎవరో వచ్చి ఒక ముద్ద తినిపించడం, పక్కన కూర్చోవడం, మందు గుర్తుచేయడం. అలాంటివాళ్లు వస్తే తలుపు తియ్యి. మాటలతో వచ్చేవాళ్లకు ఈ నెల తీయకపోయినా తప్పులేదు.

నీ స్నేహితురాలి బాబును చూడలేకపోతున్నందుకు నిన్ను నువ్వు తిట్టుకోకు. ఆమెతో ఒకసారి చెప్పు, నీ బిడ్డ మీద నాకు ప్రేమ లేక కాదు, చూస్తే నా చేతులు ఖాళీగా అనిపిస్తున్నాయి అని. నిజమైన స్నేహితురాలైతే ఆమెకు అర్థమవుతుంది.

బైబిల్ చివరి పుస్తకంలో ఇమ్మానుయేలు అనే అర్థమే ఇంకో రూపంలో వస్తుంది. "దేవుని నివాసము మనుష్యులతో కూడ ఉన్నది, ఆయన వారితో కాపురముండును" అని ఒక గొప్ప స్వరం చెబుతుంది. కాపురం అనే మాట నాకు చాలా ఇష్టం. చుట్టపుచూపుగా వచ్చి పోవడం కాదు, ఉండిపోవడం. అప్పుడు ఆయన ప్రతి కన్నీటి బొట్టునూ తుడుస్తాడని రాసి ఉంది. ఎవరి కన్నీళ్లయినా తుడవాలంటే చెయ్యి అందేంత దగ్గరికి రావాలి. తుడవడానికి అక్కడి దాకా కన్నీళ్లు ఉంటాయన్న సంగతి కూడా అందులో ఉంది. కాబట్టి ఈ డిసెంబర్‌లో నీ కళ్లు తడిగా ఉన్నాయంటే నువ్వు ఆ కథకు బయట లేవు.

క్రిస్మస్ రోజు ఉదయం నేను ప్రార్థన చేసుకునేటప్పుడు మీ బాబు పేరు పైకి పలుకుతాను. ఉత్తరం చివర రాశావు కదా, చాలా మంచి పేరు. వచ్చే ఏడాది నాటిక సంగతి వచ్చే ఏడాది చూద్దాం. ఎప్పుడు రాయాలనిపించినా రాయి.

అక్క